మనసు సున్నితమైన వాళ్లు ఓసీడీకి ఎక్స్‌పోజర్ థెరపీ చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"నేను మొదటి నుంచీ చాలా సెన్సిటివ్. ఎవరైనా ఒక మాట అంటే రాత్రంతా నిద్ర పట్టదు. అలాంటిది భయపడే పనినే కావాలని చేయమంటే నా వల్ల అవుతుందా?" ఎక్స్‌పోజర్ థెరపీ గురించి విన్న ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) బాధితులు చాలామంది అడిగే ప్రశ్న ఇదే.

అవుతుంది. సున్నితమైన స్వభావం ఈ చికిత్సకు అడ్డు కాదు. కాకపోతే ఆ సున్నితత్వం ఏ రకమో ముందే తెలుసుకుని, దానికి తగ్గట్టు మెట్లు, అంటే తేలిక నుంచి కష్టానికి వరుసగా పెట్టుకున్న సాధనలు, కట్టుకోవాలి. అది చేయకుండా దిగితే మొదటి వారంలోనే మానేసే ప్రమాదం ఉంది.

ముందు రెండు మాటలు స్పష్టం చేసుకుందాం. ఓసీడీలో వద్దన్నా పదేపదే వచ్చి భయం, అసహ్యం, అపరాధభావం పుట్టించే ఆలోచనను "వదలని ఆలోచన" అందాం. ఆ బాధ తగ్గడానికి చేసే పనిని "తంతు" అందాం. కడగడం, సరిచూడటం, లెక్కపెట్టడం, ఇతరులను అడగడం, మనసులో జరిగినదంతా తిరగేసుకోవడం, అన్నీ తంతులే. గోకినకొద్దీ దురద పెరిగినట్టు, తంతు చేసినకొద్దీ ఆలోచన బలపడుతుంది.

ఈ చికిత్స పూర్తి పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. ఇందులో రెండు సగాలున్నాయి: భయపెట్టేదాన్ని ఎదుర్కోవడం, ఆ తర్వాత తంతు చేయకుండా ఉండటం. సున్నితమైన వాళ్లు గుర్తుంచుకోవాల్సిన నియమం ఒకటుంది. మెట్టు ఎంత చిన్నదైనా పర్వాలేదు, ఆ మెట్టు మీద తంతు మాత్రం చేయకూడదు.

## 1. మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా సొంతంగా మొదలుపెట్టకండి. ముందు సైకియాట్రిస్ట్‌ని గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ని గానీ కలవండి.

☐ చనిపోవాలన్న ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవడం (ఇవి ఉంటే ఈ రోజే దగ్గరివాళ్లకు చెప్పి, వైద్య సహాయం తీసుకోండి)
☐ రోజువారీ పనులు కూడా చేసుకోలేనంత డిప్రెషన్
☐ ఎదుటివారికి వినపడని మాటలు వినపడటం, ఎవరో కుట్ర చేస్తున్నారన్న గట్టి నమ్మకం
☐ మద్యం లేదా మత్తు పదార్థాల అలవాటు
☐ భయం వల్ల తిండి, నీళ్లు, మందులు మానేసే పరిస్థితి
☐ గతంలో జరిగిన హింస, ప్రమాదం తాలూకు జ్ఞాపకాలు ఓసీడీతో కలగలిసి ఉండటం
☐ ఓసీడీ ఉన్నది పిల్లలకు కావడం

మిగతావాళ్లు కూడా ఈఆర్‌పీ తెలిసిన థెరపిస్ట్ పర్యవేక్షణలో చేస్తేనే మేలు. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు ఉంటాయి, ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర. కానీ అసలు మార్పు వచ్చేది సెషన్ల మధ్య మీరు రోజూ చేసే సాధనతోనే.

## 2. మీ సున్నితత్వం ఏ రకమో గుర్తించండి

"నేను సెన్సిటివ్" అన్న మాట ప్లాన్ వేసుకోవడానికి సరిపోదు. కింది వాటిలో మీకు ఏది ఎక్కువగా వర్తిస్తుందో చూడండి. రెండు మూడు కలిసి ఉండటం మామూలే.

శరీరంలో టెన్షన్ లక్షణాలంటేనే భయం. గుండె దడదడలాడితే "ఇదేదో అవుతోంది", తల తిరిగితే "పిచ్చెక్కుతోంది" అనిపిస్తుంది. ఇలాంటివాళ్లకు అసలు విషయం కన్నా టెన్షనే పెద్ద శత్రువు. వీళ్లు మెట్లు ఎక్కే ముందు లక్షణాలకే అలవాటు పడాలి. ఒక నిమిషం ఉన్నచోటే పరుగెత్తడం, ఒక నిమిషం సన్నటి స్ట్రాతో ఊపిరి తీసుకోవడం, తిరిగే కుర్చీలో ఒక నిమిషం తిరగడం లాంటివి చేసి, వచ్చిన లక్షణాలను తగ్గించకుండా అలాగే ఉండనివ్వాలి. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఇవి చేయొద్దు.

అసహ్యం. "రోగం వస్తుందని కాదు, తాకితేనే ఒళ్లు జలదరిస్తుంది" అనేవాళ్లు వీళ్లు. భయం కన్నా అసహ్యం నెమ్మదిగా తగ్గుతుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే "నాకు పనిచేయడం లేదు" అని మధ్యలో వదిలేస్తారు. ఒక్కో మెట్టు మీద ఎక్కువ సమయం, ఎక్కువ రోజులు పెట్టుకోండి.

అపరాధభావం, అతి బాధ్యత. "నా వల్ల ఎవరికైనా ఏదైనా అయితే?" అన్నది వీళ్లను పట్టి పీడిస్తుంది. చెడ్డ ఆలోచన వస్తే, ఆ పని చేసేసినంత తప్పుగా అనిపిస్తుంది. వీళ్ల తంతులు ఎక్కువగా మనసులోనే జరుగుతాయి: క్షమాపణలు చెప్పుకోవడం, జరిగినదంతా తిరిగి పరిశీలించుకోవడం, "నేను మంచి మనిషినేనా" అని తేల్చుకోవడానికి ప్రయత్నించడం. వీళ్లకు 6వ భాగంలో చెప్పిన ఊహా సాధన చాలా అవసరం.

"ఏదో సరిగ్గా లేదు" అన్న భావన. ప్రత్యేకంగా భయమంటూ ఏదీ ఉండదు. వస్తువు కొంచెం పక్కకు ఉన్నా, వాక్యం సరిగ్గా కుదరకపోయినా లోపల గిలగిలలాడుతుంది. వీళ్లు పనుల్ని కావాలనే "సరిగ్గా లేకుండా" వదిలేసి, ఆ భావనతోనే తర్వాతి పనిలోకి వెళ్లాలి.

చప్పుడు, వెలుగు, రద్దీ తట్టుకోలేకపోవడం. ఇది ఓసీడీ కాదు, స్వభావం. దీన్ని మార్చడం మన పని కాదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో సాధన మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

అయితే ఇక్కడ ఒక తికమక వస్తుంది: ఏది నిజంగా అవసరం, ఏది తంతు? ఇలా పరీక్షించుకోండి. "ఇది లేకపోతే చిరాగ్గా ఉంటుంది, అలసట వస్తుంది, అంతే" అనిపిస్తే అది అవసరం. "ఇది లేకపోతే ఏదో చెడు జరుగుతుంది" లేదా "జరగదని గ్యారంటీ ఉండదు" అనిపిస్తే అది తంతు. సందేహం వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష పెట్టుకోవద్దు, అదే మరో తంతు అయి కూర్చుంటుంది. ఒకసారి రాసుకుని, థెరపిస్ట్‌తో సరిచూసుకుంటే చాలు.

## 3. ఒక వారం చిట్టా రాయండి

ఈ వారం ఏదీ మార్చడానికి ప్రయత్నించకండి. గమనించి రాయడమే పని. ప్రతి సంఘటనకూ ఈ ఐదూ రాయండి:

☐ ఎక్కడ, ఏ సమయంలో, దేని వల్ల మొదలైంది
☐ వచ్చిన ఆలోచన, వచ్చిన మాటల్లోనే
☐ బాధ ఎంత (0 అంటే ఏమీ లేదు, 100 అంటే ఇంతకన్నా భరించలేను)
☐ చేసిన తంతు, ఎంతసేపు
☐ తప్పించుకున్నవి: వెళ్లకుండా మానేసిన చోటు, ముట్టుకోని వస్తువు, ఇంకొకరికి అప్పగించిన పని

నాలుగో వరుస దగ్గర ఎక్కువమంది సగమే రాస్తారు. చేత్తో చేసినవి రాసి, మనసులో చేసినవి వదిలేస్తారు. ఆలోచనతో వాదించడం, మంచి ఆలోచనతో చెడ్డ ఆలోచనను చెరిపేయడం, ఇంటర్నెట్‌లో గంటలకొద్దీ వెతకడం, "ఏం కాదు కదా?" అని ఇంట్లో వాళ్లను అడగడం కూడా రాయండి. సున్నితమైన వాళ్లు ఎదుటివారి ముఖం చూసి భరోసా తీసుకోవడంలో ఆరితేరి ఉంటారు. అడగకుండానే అవతలి మనిషి ముఖకవళికల నుంచి జవాబు లాక్కోవడం కూడా భరోసా అడగడమే.

## 4. మెట్లు కట్టుకోండి

చిట్టాలోంచి ఒకే అంశం తీసుకోండి. దాని మీద 8 నుంచి 12 పనులు రాసి, బాధ అంచనా ప్రకారం వరుసలో పెట్టండి. బహిరంగ స్థలాల్లో తలుపు పిడి ముట్టుకోలేని వ్యక్తి జాబితా కొంత ఇలా ఉండొచ్చు:

- 25: ఇంకొకరు పిడి పట్టుకుంటుంటే పక్కన నిలబడి చూడటం
- 35: ఒక వేలితో తాకడం
- 45: అరచేత్తో గట్టిగా పట్టుకోవడం
- 55: అదే చేత్తో సొంత ఫోన్ తీసుకోవడం
- 70: అదే చేత్తో బట్టలు, ముఖం తాకడం
- 85: అదే చేత్తో దిండు తాకి, ఆ దిండు మీదే పడుకోవడం

ప్రతి మెట్టు పక్కనా "తర్వాత ప్రత్యేకంగా కడగను, శానిటైజర్ వాడను" అని రాసి ఉండాలి. టాయిలెట్ తర్వాత, భోజనానికి ముందు అందరిలాగే ఒకసారి మామూలుగా కడుక్కోవడం ఉంటుంది. ఆ సమయం వచ్చేదాకా ఆగాలి.

30-40 దగ్గర మొదలుపెట్టండి. అది కూడా పెద్దదిగా అనిపిస్తే మెట్టును ముక్కలు చేయండి. దూరం మార్చొచ్చు, సమయం తగ్గించొచ్చు, మొదటిసారి పక్కన ఒకరిని ఉంచుకోవచ్చు, తెలిసిన చోట చేయొచ్చు. అసలు పని బదులు ఫొటో చూడటంతో మొదలుపెట్టొచ్చు. కానీ "పూర్తిగా పట్టుకుంటాను, కొంచెమే కడుక్కుంటాను" అన్న బేరం వద్దు. పెద్ద మెట్టు ఎక్కి సగం తంతు చేయడం కన్నా, చిన్న మెట్టు మీద అసలు తంతే చేయకపోవడం మేలు.

మరో హద్దు కూడా ఉంది. ఎక్స్‌పోజర్ పేరుతో నిజంగా ప్రమాదకరమైనవి గానీ, మీ విలువలను అవమానించేవి గానీ, ఎదుటివారికి హాని కలిగించేవి గానీ చేయనక్కర్లేదు. మామూలు మనుషులు పెద్దగా ఆలోచించకుండా చేసే పనులే మీ మెట్లలో ఎక్కువ భాగం ఉండాలి.

## 5. ఒక సాధన మొదటి నుంచి చివరి దాకా

రోజూ ఒకే సమయం పెట్టుకోండి. బాగా అలసిపోయిన వేళ వద్దు. 30 నుంచి 45 నిమిషాలు మంచిది. మరీ కష్టమైతే మొదటి వారం 15 నిమిషాలు, రోజుకు రెండుసార్లు.

1. మీ అంచనా రాయండి. "పిడి పట్టుకుని కడగకపోతే టెన్షన్ 90కి వెళ్తుంది, గంటసేపు ఏ పనీ చేయలేను." అంచనా ఇప్పుడే తేలేదై ఉండాలి. "పదేళ్ల తర్వాత జబ్బు వస్తుంది" అన్నది ఎవరూ ఇవాళ తేల్చలేరు. "నేను తట్టుకోలేను" అన్నది మాత్రం ఇవాళే తేలుతుంది.

2. పని చేయండి. కళ్లు మూసుకుని గబగబా ముగించకండి. నెమ్మదిగా, దాని మీదే దృష్టి పెట్టి చేయండి.

3. శరీరంలో వచ్చినదాన్ని చెప్పుకోండి. "ఛాతీ బిగుసుకుంది. చేతులు చెమటపడుతున్నాయి. 60 ఉంది." చెప్పుకోవడం వరకే. తగ్గించడానికి ఏమీ చేయకండి.

4. ఆలోచన ప్రశ్న వేస్తే జవాబు ఇవ్వకండి. "జరగొచ్చు, జరగకపోవచ్చు, ఇప్పుడు తేల్చను" అని ఒక్కసారి అనుకుని మళ్లీ పని మీదకు రండి. ఇదే మాటను మంత్రంలా పదిసార్లు జపిస్తే అదీ తంతే.

5. పెట్టుకున్న సమయం దాకా ఉండండి. టెన్షన్ తగ్గిందా లేదా అన్నది గెలుపు ఓటముల కొలమానం కాదు. కొన్ని రోజులు తగ్గుతుంది, కొన్ని రోజులు తగ్గదు. 60తోనే ఉండి తంతు చేయకపోతే ఆ రోజు సాధన పూర్తిగా కుదిరినట్టే.

6. ఫలితం రాయండి. అంచనా ఏమిటి, జరిగిందేమిటి, ఆశ్చర్యపరిచింది ఏమిటి. మూడు వాక్యాలు చాలు. ఈ ఆఖరి ప్రశ్న వల్లే ఎక్కువ నేర్చుకుంటారు, దాన్ని దాటేయొద్దు.

7. రోజువారీ పనిలోకి వెళ్లండి. చేతులు "మలినంగా" అనిపిస్తూనే ఉత్తరం రాయండి, బట్టలు మడతపెట్టండి, ఫోన్ మాట్లాడండి.

ఒకే మెట్టు వరుసగా కొన్ని రోజులు చేశాక, చోటు మార్చండి, వేళ మార్చండి, పక్కన మనిషి లేకుండా చేయండి. ఒకే గదిలో నేర్చుకున్న ధైర్యం తనంతట తాను వీధిలోకి రాదు.

సున్నితమైన వాళ్లకు సాధన తర్వాత బాగా అలసట వస్తుంది. కొందరు ఏడుస్తారు. ఏడుపు వస్తే రానివ్వండి, సాధన ఆపనక్కర్లేదు. తర్వాత ఓ అరగంట ప్రశాంతంగా గడపడానికి ముందే చోటు పెట్టుకోండి. ఆ అరగంటలో "ఏమైనా అయిందా" అని తిరగేసుకోనంత వరకు అది విశ్రాంతి.

## 6. చేసి చూపించలేని భయాలకు ఊహా సాధన

"నేను నా వాళ్లకు హాని చేస్తానేమో", "నేను క్షమించరాని తప్పు చేశానేమో" లాంటి ఆలోచనలకు బయట ముట్టుకునే వస్తువంటూ ఉండదు. అప్పుడు భయాన్ని కథగా రాయాలి.

- వర్తమాన కాలంలో, "నేను" అంటూ ఒక పేజీ రాయండి.
- మీరు ఎక్కువగా భయపడేదాకా కథను తీసుకెళ్లండి. చివర్లో "కానీ ఏమీ కాలేదు" అని సర్దిచెప్పే వాక్యం పెట్టకండి.
- సొంత గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి, రోజూ 20-30 నిమిషాలు మళ్లీ మళ్లీ వినండి.
- వింటూ మనసులో వాదించకండి, క్షమాపణ చెప్పుకోకండి.

ఊహాశక్తి బలంగా ఉన్నవాళ్లకు ఇది మొదట్లో చాలా గాఢంగా తగులుతుంది. అలాంటప్పుడు కథను రెండు స్థాయుల్లో రాసుకోండి: ముందు సందేహం దగ్గర ఆగేది, తర్వాత పరిణామాలు కూడా ఉన్నది. ఈ రకం ఆలోచనల విషయంలో మొదటి కథ థెరపిస్ట్‌తో కలిసి రాయడం మంచిది. అది మిమ్మల్ని భయపెట్టే ఆలోచన మాత్రమే కాకుండా, నిజంగా హాని చేయాలన్న ఉద్దేశం ఉన్నట్టు అనిపిస్తే సాధన పక్కన పెట్టి వెంటనే వైద్య సహాయం తీసుకోండి.

## 7. ఎక్కువగా జరిగే తప్పులు, సరిదిద్దే పద్ధతి

లోతైన శ్వాసతో టెన్షన్ అణచడం. సాధన మధ్యలో శ్వాస వ్యాయామం చేస్తే, "శ్వాస వల్ల బతికాను" అనే మనసు నేర్చుకుంటుంది. దాన్ని వేరే వేళకు ఉంచుకోండి.

తంతు చేసేశాను, ఇవాళంతా పాడైంది అనుకోవడం. పాడవలేదు. వెంటనే భయపెట్టేదాన్ని మళ్లీ తాకండి. చేయి కడిగేస్తే పిడిని మళ్లీ పట్టుకోండి. తాళం సరిచూసేస్తే "పడిందో లేదో తెలియదు" అని అనుకుంటూ నడిచి వెళ్లిపోండి.

తంతును అసలు ఆపలేకపోవడం. ముందు వాయిదా వేయండి. 5 నిమిషాలు, తర్వాత 10, తర్వాత 30. ఆగిన సమయంలో కోరిక తనంతట తానే కొంత సడలడం చూస్తారు. అయినా వాయిదాను తాత్కాలిక సాధనంగానే చూడండి. అలాగే మెట్టును ఇంకా ముక్కలు చేయాలేమో కూడా చూసుకోండి.

మంచి మూడ్ కోసం ఎదురుచూడటం. ధైర్యం వచ్చాక చేద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. బాగా లేని రోజున మెట్టు తగ్గించండి, సాధన మాత్రం మానకండి. మరీ బాగా లేకపోతే 25 దగ్గరిది చేయండి.

తనను తాను తిట్టుకోవడం. ఇది శ్రద్ధలా కనిపిస్తుంది కానీ, అపరాధభావం ఎక్కువున్న వాళ్లలో ఇదే తంతుగా మారుతుంది. జరిగినదాన్ని చిట్టాలో ఒక వాక్యంగా రాసి ముగించండి.

టెన్షన్ మాత్ర వేసుకుని సాధన చేయడం. అప్పటికప్పుడు నెమ్మదింపజేసే మాత్రలు నేర్చుకోవడానికి అడ్డు రావచ్చు. డాక్టర్ రాసిన మందు సొంతంగా ఆపకండి, వేళల గురించి ఆయన్నో ఆవిడనో అడగండి. ఓసీడీకి రోజూ వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందుల సంగతి వేరు. అవి ఈఆర్‌పీతో కలిపి వాడొచ్చు. వాటి ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు.

## 8. ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడండి

సున్నితమైన మనిషి బాధపడుతుంటే చూడలేక ఇంట్లో వాళ్లు తంతులో భాగమైపోతారు. వాళ్లే తాళం చూసి వస్తారు, వాళ్లే "ఏం కాదు" అని పదిసార్లు చెబుతారు. అది ప్రేమే. కానీ దాని వల్ల ఓసీడీ నిలబడుతుంది.

ఉన్నట్టుండి అన్నీ ఆపేయమని వాళ్లకు చెప్పకండి. బాధ లేని రోజున కూర్చుని, ఒకే ఒక్క సహాయాన్ని ఎంచుకుని, అది ఏ రోజు నుంచి ఆగుతుందో ఇద్దరూ ఒప్పుకోండి. భరోసా అడిగినప్పుడు వాళ్లు అనాల్సిన మాట కూడా ముందే నిర్ణయించుకోండి:

"నీకు చాలా కష్టంగా ఉందని నాకు తెలుస్తోంది. దీనికి నేను జవాబు చెప్పనని అనుకున్నాం కదా. నీ పక్కనే ఉంటాను."

గొంతు మెత్తగా ఉండాలి. కఠినంగా, వెక్కిరింపుగా అంటే సున్నితమైన వాళ్లు దాన్ని శిక్షగా తీసుకుంటారు, సాధన మొత్తం ఆగిపోతుంది.

## 9. థెరపిస్ట్‌ని అడగాల్సినవి

☐ మీరు ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా? ఒక సెషన్ ఎలా జరుగుతుంది?
☐ మెట్లు ఇద్దరం కలిసి నిర్ణయిస్తామా?
☐ మనసులో చేసే తంతుల్ని ఎలా చూస్తారు?
☐ నాకు అసహ్యం (లేదా అపరాధభావం, శరీర లక్షణాల భయం) ఎక్కువ. ప్లాన్ ఎలా మారుస్తారు?
☐ సెషన్ల మధ్య ఏం చేయమంటారు?

నెలల తరబడి కేవలం మాట్లాడటం, ఆలోచన తప్పని తర్కంతో ఒప్పించడం మాత్రమే జరుగుతుంటే అది ఈఆర్‌పీ కాదు. ముందుగా చెప్పకుండా, మీ అంగీకారం లేకుండా పెద్ద మెట్టు మీదకు నెట్టడం కూడా ఈఆర్‌పీ పద్ధతి కాదు. రెండు సందర్భాల్లోనూ ధైర్యంగా అడగండి. ఎదుటివారు నొచ్చుకుంటారేమోనని ఊరుకోవడం సున్నితమైన వాళ్లకు అలవాటు. ఇక్కడ ఆ అలవాటు వల్ల నష్టపోయేది మీరే.

## 10. పురోగతి కొలవడం

రోజువారీ బాధ అంకెలు పైకీ కిందికీ ఊగుతాయి, వాటిని చూసి నిరాశపడొద్దు. వారానికోసారి ఈ నాలుగు చూడండి:

☐ తంతులకు రోజుకు పడుతున్న సమయం
☐ భరోసా అడిగిన సార్లు
☐ మళ్లీ మొదలుపెట్టిన పనులు, వెళ్లిన చోట్లు
☐ ఎక్కిన మెట్టు

థెరపిస్టులు తీవ్రతను వై-బాక్స్ అనే కొలమానంతో చూస్తారు, 0 నుంచి 40 దాకా. 16-23 ఉంటే మధ్యస్థం, 24-31 ఉంటే తీవ్రం. మొదటి స్కోరు కన్నా 35 శాతం తగ్గితే చికిత్స పనిచేసినట్టు పరిగణిస్తారు. 28తో మొదలైనవారు 18కి వస్తే ఆ మేరకు తగ్గినట్టే.

బాగైన తర్వాత కూడా పరీక్షలు, ఉద్యోగం మార్పు, ఇంట్లో జబ్బులు, నిద్రలేమి ఉన్న రోజుల్లో పాత తంతు తలెత్తవచ్చు. ఒకటి రెండు రోజుల జారుడును పూర్తి తిరగబెట్టుగా లెక్కించకండి. జాబితా బయటికి తీసి, రెండు మెట్లు కిందకు దిగి, ఒక వారం సాధన చేయండి. రెండు వారాల్లో సర్దుకోకపోతే థెరపిస్ట్‌కి ఫోన్ చేయండి. మరి 12 వారాలు రోజూ సాధన చేసినా మొదటి నుంచీ స్కోరు కదలనే లేదంటే, మీ 3వ భాగం చిట్టా తీసుకెళ్లి, అందులో రాయకుండా మిగిలిపోయిన మనసులోని తంతులేవో థెరపిస్ట్‌తో కూర్చుని వెతకండి.